మా ఆఫీసు తుపాకీ

టీవీలో ఎక్కడైనా తుపాకీ బొమ్మ కనబడితే నేను తుపాకీని చూడను. తెర మూలకి చూస్తాను, అక్కడ చీమ తలకాయంత అక్షరాల్లో ‘ఫైల్’ అని ఉందేమోనని. ఉంటే నాకు నవ్వాగదు. ఎక్కడో కాల్పులు జరిగితే ఈవిడకి నవ్వేమిటని ఇంట్లోవాళ్లు నన్ను అదోలా చూస్తారు. ఎందుకు నవ్వుతానో ఈవేళ చెబుతాను. మీలో వార్తల ఉద్యోగాలకి వెళదామనుకునే పిల్లలుంటే కాస్త నిటారుగా కూర్చుని చదవండి. మంచం మీద వాలిపోయి చదివితే నాకు గిట్టదు.

నా చదువు ఐదో తరగతి మధ్యలో ఆగింది. అయినా ఏలూరులో ఒక కేబుల్ వార్తల ఛానెల్ ఆఫీసులో చాలా ఏళ్లు పనిచేశాను. పనంటే ఊడవడం, తుడవడం, టీ పెట్టడం, ఎవరూ లేని గదిలో తిరుగుతున్న ఫ్యాను కట్టెయ్యడం. ఆఖరిది జీతంలో లేదు, నా అంతట నేను నెత్తినేసుకున్నది. చెప్పులు మెట్ల దగ్గరే విప్పాలన్న రూలూ నేను పెట్టిందే. ఒకసారి ఎవరో పెద్ద నాయకుడి తాలూకు మనిషి బూట్లతో స్టూడియోలోకి వచ్చేస్తుంటే గుమ్మానికి అడ్డంగా చీపురు పెట్టి నిలబడ్డాను. ఆయన నన్ను చూశాడు, చీపురుని చూశాడు, వంగి బూట్లు విప్పాడు. పేపరు కప్పులు మాన్పించి గాజు గ్లాసులు తెప్పించాను. చదివేసిన వార్తల కాగితాలు పారెయ్యనిచ్చేదాన్ని కాదు. వెనక తెల్లగా ఉంటే రేపటి వార్త దాని మీదే రాసుకోమనేదాన్ని. ఆఫీసులో అందరూ మామ్మగారూ అని పిలిచేవారు, భయపడేవారు. రెండూ నాకు బాగానే ఉండేవి.

మా ఆఫీసు కాలవకి దగ్గర్లో ఒక మేడ మీద. కింద ఫ్లెక్సీలు కొట్టే షాపు. రోడ్డుకి అవతల, సరిగ్గా ఎదురు మేడ మీద, మా పోటీ ఛానెల్. వాళ్ల కిటికీలోంచి మా మధ్యాహ్నం క్యారేజీలు కనబడేవి, మా కిటికీలోంచి వాళ్ల టీవీ కనబడేది. ఎడిటరుగారికి వాళ్ల పేరెత్తితే చాలు, తాగే టీ చేదెక్కేది. మా ఛానెల్ ఆయనదే. వార్తలు తేవడం, దిద్దడం, ప్రకటనలు సంపాదించడం, కరెంటు బిల్లు చూసి గుండె పట్టుకోవడం అన్నీ ఆయనే. వార్తలు చదివే అమ్మాయి తాడేపల్లిగూడెం నుంచి రోజూ రైల్లో వచ్చేది. ఎడిటింగ్ అతను పెళ్లీ పిల్లలూ ఉన్న మెత్తని మనిషి, కంప్యూటర్లో వార్తకి బొమ్మలు అతికించేవాడు. కెమెరా పట్టుకునే అతను ఒకడుండేవాడు. ఈ కథకి ఈ నలుగురు చాలు.

అసలు సంగతి ఆ బొమ్మలు అతికించడంలో ఉంది. మా కెమెరా వెళ్లలేని చోట ఏదైనా జరిగితే, పాత బొమ్మ ఒకటి తీసి అతికిస్తారు. దాన్ని ఫైల్ షాట్ అంటారు. వరదొస్తే పాత వరద, ధర్నా అంటే పాత ధర్నా. తుపాకీకి అతని దగ్గర ఉన్నది ఒకటే బొమ్మ. నల్లటిది, పొడుగాటిది, చూస్తే ఒళ్లు జలదరించేది. ఏ దేశపు సైన్యానిదో దేవుడికే తెలియాలి. బ్యాంకు వాచ్‌మన్ చేతిలో ముసలి తుపాకీ జారి పేలినా అదే బొమ్మ. ఉంగుటూరులో ఎవరో గాలి తుపాకీతో కోతిని బెదిరించినా అదే. దీపావళికి పిల్లాడి రీలు తుపాకీ వల్ల పక్కింటివాళ్లు కొట్టుకున్నా అదే. ఆ ఒక్క తుపాకీ మా జిల్లాలో ఎన్ని ఘోరాలు చేసిందో!

ఆ రోజు పొద్దున్న రెండు వార్తలు వచ్చాయి.

ఒకటి గూడెం వైపుది. రైసు మిల్లుల ఆసామి ఒకాయన, మాకు ఏడాది పొడుగునా ప్రకటనలిచ్చే పెద్దమనిషి, కొడుకు పెళ్లి ఊరేగింపులో ఆనందం పట్టలేక రెండు గొట్టాల తుపాకీ ఎత్తి గాల్లోకి పేల్చాడు. గుండు పందిట్లో వేలాడే పెద్ద దీపానికి తగిలి, అది ముక్కలై పాయసం గుండిగలో పడింది. మేళగాళ్లు సన్నాయిలు చంకన పెట్టుకుని చేలో పడి పరుగు. ఫోనున్న ప్రతివాడి దగ్గరా వీడియో ఉంది.

రెండోది కొల్లేటి ఒడ్డుది. చేపల చెరువు కాపలా మనిషి దగ్గర తుపాకీ ఉందని ఎవరో ఫోన్ చేస్తే, పోలీసులు అతన్ని స్టేషన్‌కి పట్టుకెళ్లారు. ఇంతే. దానికి వీడియో లేదు, ఫోటో లేదు.

“పెళ్లిది ఎలా రాయమంటారండీ?” అంది అమ్మాయి.

ఎడిటరుగారు కళ్లజోడు తుడుచుకున్నారు. “సంబరంగా రాయమ్మా. ‘ఆకాశాన్నంటిన ఆనందం’ అని పెట్టు. దీపం సంగతొద్దు. పూల మండపం ఫైల్ షాట్ వేద్దాం.”

“వీడియో ఉందిగా అండీ?”

“వీడియోలో ఆయన మొహం బాగా రాలేదమ్మా.”

“కొల్లేరుదో?”

“అదా! ‘కొల్లేరు గట్టున తుపాకీ కలకలం.’ మన తుపాకీ ఉందిగా, అది వెయ్యమను.”

మధ్యాహ్నం బులెటిన్‌లో రెండూ వచ్చాయి. నేను గుమ్మం దగ్గర నేల తుడుస్తూ చూశాను. ఆ నల్ల తుపాకీని అంతకుముందు ఎన్నిసార్లు చూశానో, ఎక్కడినుంచి తీస్తారో తెలిసినదాన్ని. అయినా సరే, అది తెర మీదకి రాగానే నా నోట్లోంచి వచ్చిన మాట ఏంటో తెలుసా? “కర్మ, కొల్లేట్లోకి కూడా తుపాకులొచ్చేశాయి! ఎంత దొంగ వెధవో!” వంటింట్లో నిలబడి తన వంట వాసనకే తాను మోసపోయినట్టుంది నా పని. ఇది మీరు గుర్తుపెట్టుకోవలసిన సంగతి. తెలిసినవాళ్లమని మనం బొమ్మకి లొంగకుండా ఉండం.

బులెటిన్ అయిన రెండు గంటలకి, ఆలస్యంగా మేం అన్నాలు తింటుంటే మెట్ల మీద ఒక మనిషి వచ్చింది. కాళ్లకి మోకాళ్ల దాకా ఎండిన బురద. చంకలో పాత చీర చుట్టిన పొడుగాటి మూట, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుంది.

“ఎవరమ్మా? కాళ్లు కడుక్కునే రా” అన్నాను.

“కడుక్కుంటానండి. ఇది టీవీ ఆఫీసేనాండి?”

“ఇదే. ఏం కావాలి?”

“మా ఆయన్నండి” అంది.

కాపలా మనిషి భార్య ఆవిడ. కాళ్లు కడిగించి, కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చాక చెప్పింది. పోలీసులు పట్టుకెళ్లింది తుపాకీ కాదు, ప్లాస్టిక్ నీళ్ల గొట్టం. ఒక చివర మందు పెట్టి, గ్యాసుపొయ్యి వెలిగించే మీట ఒకటి బిగిస్తారు. మీట నొక్కితే ఢాం అంటుంది. అంతే. లోపలినుంచి గుండూ రాదు, రాయీ రాదు. నీటికాకులూ గూడబాతులూ చెరువు మీద వాలితే చేప మిగలదు కాబట్టి, ఆ చప్పుడుకి అవి లేచిపోతాయని గట్ల మీద కాపలావాళ్లు చాలామంది వాడతారు. లోపల వేసే మందేమిటో ఇక్కడ రాయను, చదివి చేసేవాళ్లుంటారు. పిల్లలూ, దాని జోలికి వెళ్లకండి. కళ్లు పోయినవాళ్లున్నారు. ఢాం కావాలంటే సినిమాకి వెళ్లండి.

“మరి స్టేషన్లో చెప్పలేకపోయారా?” అంది మా అమ్మాయి.

“చెప్పామండి. ఎస్సైగారు మంచోరేనండి. ‘గొట్టవేలే, ఓ మాట చెప్పి పంపించేద్దాం’ అన్నారండి. ఇంతలో టీవీలో వచ్చేసిందండి. ఇంక పైనుంచి ఒకటే ఫోన్లండి. ‘టీవీలో అంత తుపాకీ కనబడుతుంటే గొట్టం అని నేనెలా రాయనమ్మా, సాయంత్రానికి కేసు కట్టాలి’ అంటన్నారండి.” గ్లాసు కింద పెట్టింది. “పై వారం చేపలు పడతారండి. సాయంత్రంలోగా మనిషి గట్టు మీద లేకపోతే వేరే కాపలా పెట్టుకుంటానన్నారండి చెరువు ఆసామి. మా ఇల్లు కూడా ఆ గట్టు మీదేనండి. కాపలా పోతే ఇల్లూ పోద్దండి.”

ఇదీ పరిస్థితి. సాయంత్రం బులెటిన్‌లో మళ్లీ ఆ నల్ల తుపాకీ వచ్చిందంటే, ఒక మనిషి జైలుకీ ఒక సంసారం రోడ్డు మీదకీ వెళతాయి.

“మీరు టీవీలో చూపించినది మా ఆయనదైతేనండి,” అంది ఆవిడ ఎడిటింగ్ అతని వైపు తిరిగి, “అది అమ్ముకునే మేం ఓ చెరువు కొనుక్కుందుం కదండీ. ఇంకోళ్ల చేపలకి కాపలా ఎందుకుంటామండి?”

అతను కంచంలోకి తల దించేసుకున్నాడు. “మూలన ఫైల్ అని రాశానండీ…”

“ఆ అక్షరాలు చదవాలంటే టీవీ మీద ముక్కు పెట్టాలయ్యా” అన్నాను.

చెయ్యి కడుక్కుని ఎడిటరుగారి గదిలోకి వెళ్లాను.

“మామ్మగారూ, టీ ఇంకా కాసేపాగి పెట్టండి” అన్నారు, నేను నోరు తెరవకముందే.

“టీ కోసం రాలేదండి. ఆ కొల్లేరుది తుపాకీ కాదంట. నీళ్ల గొట్టమంట.”

“ఢాం అంటుందా అనదా?”

“అంటుందంట.”

“ఢాం అన్నాక ఇంకేంటండీ! జనం భయపడ్డారా లేదా?”

“గూడెం పెళ్లిలోదీ ఢాం అంది కదండీ. మేళగాళ్లు చేలో పడ్డారు కదా.”

“దానికి లైసెన్సుందండీ!”

“లైసెన్సుంటే ఢాం అనదాండి?”

ఆయన నన్ను చూసి, సీలింగుని చూసి, మళ్లీ నన్ను చూశారు. “మామ్మగారూ, మీరు ఫ్యాన్లు కట్టండి. వార్తలు నేను చూసుకుంటాను.”

నేను ఆయన గదిలో ఫ్యాను కట్టేసి వచ్చేశాను. మండు వేసవి. చూసుకుంటానన్నారు కదా, చూసుకోనీ!

చెమటలు పడితే మనిషికి ఆలోచనలు వస్తాయనుకుంటాను. కాసేపటికి ఆయనే బయటికి వచ్చారు, మొహం వెలిగిపోతూ. మూట మీద కళ్లు పడ్డాయి.

“ఏమ్మా, అదేంటి?”

“ఇంకోటి ఉంటేనండి, చూపిద్దామని తెచ్చానండి. బస్సులో కండక్టరుగారు అడిగితే నీళ్ల గొట్టం అన్నానండి. ఆయన నమ్మారండి.”

“అద్దిరిపోయింది! ‘ఆ తుపాకీ… మా స్టూడియోలో!’ ఎదురు మేడవాళ్లకి ఇది చచ్చినా దొరకదు. టేబుల్ మీద పెట్టండి. నేనే చూపిస్తాను.” చూశారా? నేను న్యాయం అడిగితే ఆయనకి ఎక్స్‌క్లూజివ్ కనబడింది. అయినా కెమెరా ముందుకి గొట్టం వస్తే గొట్టంలాగే కనబడుతుంది కదా అని నేను ఊరుకున్నాను.

ఇక్కడ నా పని ఒకటి జరిగింది. ఆ గొట్టం నిండా చెరువు బురద. వార్తలు చదివే టేబుల్ని నేను రోజుకి రెండు పూటలా అద్దంలా తుడుస్తాను. దాని మీద ఆ బురద గొట్టాన్ని పెడితే నేనూరుకుంటానా? కెమెరా సర్దుకునేలోగా తడిగుడ్డ తెచ్చి, గొట్టాన్ని పైనా కిందా, చివరలూ మూతులూ, గుడ్డ పిండి మరీ శుభ్రంగా తుడిచాను.

ఆవిడ గుమ్మం బయటినుంచి ఏదో అంటోంది. “అండీ, అందులో పొద్దుటి మందు ఇంకా…”

“ఉష్!” అన్నారు ఎడిటరుగారు. “రికార్డింగ్!”

అందులో పొద్దున్న పేలకుండా మిగిలిపోయిన మందుంది. మామూలు మందు తడిస్తే చస్తుంది కదా, దీనికి తడి తగిలితేనే ప్రాణం వస్తుందని నాకేం తెలుసు?

లైట్లు వెలిగాయి. అమ్మాయి ఒక పక్క, ఎడిటరుగారు ఒక పక్క. ఆయన గొట్టాన్ని రెండు చేతులతో ఎత్తి, మూతి సీలింగు వైపు పెట్టి, గంభీరంగా మొదలుపెట్టారు. “కొల్లేరుని వణికిస్తున్న ఈ ఆయుధం ఎలా పనిచేస్తుంది? ఈ మీట నొక్కితే…”

నొక్కారు.

పిల్లలూ, నేను కృష్ణా పుష్కరాల జనాన్ని చూశాను, తుపాన్లు చూశాను, మా ఆయన గురక విన్నాను. అలాంటి చప్పుడు మాత్రం ఎప్పుడూ వినలేదు. గోడలకి స్పాంజీలు అతికించిన మూసేసిన గది. ఢాం! సీలింగుకి అతికించిన థర్మాకోల్ పలకలన్నీ ఒక్కసారి ఊడి, ముక్కలై, మంచులాగా ఎడిటరుగారి మీద కురిశాయి. అమ్మాయి టేబుల్ కిందకి వెళ్లిపోయింది. కెమెరా అతను కెమెరాని వాటేసుకుని గోడకి అతుక్కుపోయాడు. కరెంటు టప్పున పోయింది. కింద ఫ్లెక్సీ షాపువాళ్లు సగం కొట్టిన ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ పట్టుకునే రోడ్డు మీదకి పరిగెత్తారు. ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు, భగవంతుడి దయ.

చీకట్లో ముందు వినబడిన గొంతు కొల్లేటి ఆవిడది. “నీటికాకులు కూడా ఇంత భయపడవండి” అంది.

కిటికీ తలుపు తీశాను. ఎదురు మేడ కిటికీ నిండా తలకాయలు. అందులో ఒక తలకాయకి కెమెరా ఉంది.

కరెంటు వచ్చి మేం థర్మాకోల్ దులుపుకునేలోగానే వాళ్ల టీవీలో ఎర్రటి అక్షరాలు పరిగెడుతున్నాయి. ‘ఏలూరులో పట్టపగలు కాల్పులు! ఛానెల్ ఆఫీసులో తుపాకీ మోత! ఆస్తి తగాదాలే కారణమా?’ ఆ పక్కన, తెర నిండా, నల్లటి, పొడుగాటి, ఒళ్లు జలదరించే తుపాకీ.

ఎడిటింగ్ అతను కిటికీ ఊచలు పట్టుకుని అరిచాడు. “అది నాదండీ! నా ఫైలండీ! పోయిన నెల వాళ్ల ఎడిటింగ్ కుర్రాడు అడిగితే పెన్‌డ్రైవ్‌లో ఇచ్చానండీ!”

“శత్రువుకి తుపాకీ ఇచ్చావటయ్యా!” అన్నారు ఎడిటరుగారు నెత్తి మీద థర్మాకోల్‌తో.

“మూలన ఫైల్ అని కూడా వెయ్యలేదండీ వాళ్లు!” అతని బాధ అతనిది.

ఇక ఫోన్లు. ముందు ఆయన భార్య. “బతికే ఉన్నానే! నేనే మాట్లాడుతున్నానే! ఎవరూ కాల్చలేదే!” తరవాత తణుకు నుంచి అత్తగారు. ఆవిడ అప్పటికే కారెక్కి, దారిలో ఏడుస్తూ, చుట్టాలందరికీ చెప్పేసింది. “అత్తయ్యగారూ, నేను చావలేదండీ. క్షమించండి” అంటున్నారు ఈయన. అల్లుడు చావనందుకు క్షమాపణ చెప్పడం నేను అక్కడే విన్నాను. ప్రకటనల వాళ్లు, పన్నుల వాళ్లు, చిన్ననాటి స్నేహితులు, అందరూ ఒకటే మాట: టీవీలో తుపాకీ కనబడుతోందిగా, నువ్వు కాదంటే ఎలా?

కింద జీపు ఆగింది. టౌను ఎస్సైగారు పైకి వచ్చారు, మెట్ల దగ్గర బూట్లు విప్పబోయి, నా మొహం చూసి, ‘ఇవాళ వద్దులెండి మామ్మగారూ’ అనుకున్నట్టు ఆగారు. నేనూ ఈ ఒక్కసారికీ చూడనట్టు ఊరుకున్నాను. ఆయన వెనకాలే ఎదురు మేడ రిపోర్టరు మైకు పట్టుకుని దూరాడు. అతన్ని మాత్రం వదల్లేదు, చెప్పులు విప్పించాను.

“తుపాకీ ఎక్కడ?” అన్నారు ఎస్సైగారు.

ఎడిటరుగారు రెండు చేతులూ జోడించేశారు. “తుపాకీ కాదండీ బాబూ! గొట్టమండీ! నీళ్ల గొట్టం! గుండూ లేదు, ఏమీ లేదు. పిట్టల్ని తోలేదండీ!”

గుమ్మం దగ్గర నా పక్కన నిలబడ్డ కొల్లేటి ఆవిడ మెల్లిగా అంది. “మా ఆయన కూడా పొద్దున్న ఇవే మాటలన్నాడండి. బాబూ అని కూడా అన్నాడండి.”

అమ్మాయి ముందు నవ్వింది. ఆపుకుందామని చూసి ముక్కులోంచి నవ్వింది. దాంతో కెమెరా అతనూ ఎడిటింగ్ అతనూ నవ్వేశారు, చివరికి నేను కూడా పైట కొంగు నోట్లో కుక్కుకున్నాను.

రిపోర్టరు మైకు చాచాడు. “దానికి లైసెన్సు ఉందాండీ?”

“గొట్టానికి లైసెన్సేంటయ్యా!” అని ఎడిటరుగారు అరిచారు. “గొట్టం కనబడటంలేదా నీకు? కళ్లెదురుగా ఉన్నది చూపించకుండా ఎవరిదో తుపాకీ చూపిస్తారా? ఇదేనా జర్నలిజం?”

అనేసి ఆగిపోయారు. తన మాట తన చెవిలోనే పడినట్టుంది. థర్మాకోల్ ముక్కొకటి ఆయన భుజం మీదనుంచి నిదానంగా కిందకి దిగింది.

ఎస్సైగారు గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. “మధ్యాహ్నం మీ వార్తలో ఇది తుపాకీ అన్నారు కదండీ. ఆ వార్త వల్లే కొల్లేరు స్టేషన్లో ఒక మనిషి కూర్చున్నాడు. ఇది తుపాకీ అయితే మీరు కూడా జీపెక్కాలి. గొట్టమైతే అతను దిగాలి. రెండిట్లో ఏదో మీరే చెప్పండి.”

అత్తగారి కారు అప్పుడే కింద ఆగింది. పై మెట్ల దాకా శోకాలు వినబడుతున్నాయి. ఎడిటరుగారు అటు చూశారు, జీపు వైపు చూశారు, కొల్లేటి ఆవిడ వైపు చూశారు. ఆమె వైపు మాత్రం ఎక్కువసేపు చూడలేకపోయారు.

“కెమెరా పెట్టండి” అన్నారు. “లైవ్.”

జుట్టు దువ్వుకోమని అమ్మాయి చెబుతున్నా వినలేదు. నెత్తి నిండా తెల్లటి ముక్కలతో అలాగే టేబుల్ ముందు కూర్చుని గొట్టం పైకెత్తారు. ఈసారి మీటకి బారెడు దూరంగా పట్టుకున్నారు. ఏలూరంతా చూస్తోంది, కాల్పుల వార్త పుణ్యమా అని. మా ఛానెల్‌ని అంతమంది ముందెప్పుడూ చూసి ఉండరు.

“ఇది చేపల చెరువుల మీద పక్షుల్ని తోలే గొట్టం. మా ఆఫీసులో పేలింది ఇదే. కొల్లేటి గట్టున దొరికింది కూడా ఇలాంటిదే. మధ్యాహ్నం మేం చూపించిన తుపాకీ ఆ కాపలా మనిషిది కాదు.” గొట్టాన్ని కిందకి దించారు. “అది మా ఆఫీసుది.”

కాగితం మీద రాయని మాట అది. ఎవరూ రాసివ్వలేదు. అంత మంచి మాట ఆయన ముందెప్పుడూ అనలేదు, తరవాత కూడా అన్నట్టు నాకు గుర్తు లేదు.

అమ్మాయి పక్క కుర్చీలో కూర్చుని మెల్లిగా అడిగింది. “పెళ్లిది ఎలా చదవమంటారండీ?” ఆయన గొట్టం మూతిలోకి చూసుకుంటూ, “జరిగింది జరిగినట్టు చదివెయ్యమ్మా, ఈవేళ ఇంక నాకు ఓపిక లేదు” అన్నారు. ఆమె చదివేసింది, తుపాకీ, దీపం, పాయసం, చేలో పడ్డ మేళగాళ్లు, అన్నీ. పూల మండపం వెయ్యలేదు, ఫోన్ వీడియో వేశారు. ఆసామి మొహం బాగానే వచ్చింది.

మర్నాటినుంచి ఆయన ప్రకటనలు ఆగిపోయాయి. కొన్నాళ్లకి మళ్లీ వచ్చాయి. ఎదురు మేడవాళ్లకి ఇద్దామనుకున్నాడట గానీ, వాళ్లూ ఆ వీడియో వేసేశారు. పాపం, వేరే ఛానెల్ ఏదీ?

వార్తలవాళ్లు అబద్ధాలు చెబుతారని నేననను. అలా అనేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మంట. చాలామంది తమకి గిట్టని వార్తొస్తే చాలు, అమ్ముడుపోయారంటారు. నేను చూసినంతలో మావాళ్లు అమ్ముడుపోలేదు. వాళ్ల దగ్గర రెండు బొమ్మలున్నాయి, ఒకటి పూల మండపం, ఒకటి నల్ల తుపాకీ. ఢాం అన్నది ఎవరి ఇంట్లోనో చూసి, చెయ్యి దానంతటదే ఒక బొమ్మ మీదకి వెళుతుంది. ఆ చెయ్యిని ఎవరూ తిట్టరు, అది చాలా మెత్తగా వెళుతుంది కాబట్టి. ఇది నా కంటికి కనబడినంత. ఎదురు మేడవాళ్లనడిగితే తప్పంతా మాదేనంటారు. అదీ నిజమే కావచ్చు, వాళ్ల కిటికీలోంచి.

లైవ్ అవగానే ఆవిడ స్టేషన్‌కి పరిగెత్తింది. చీకటి పడకముందే కాపలా మనిషీ భార్యా కలిసి ఆఫీసుకి వచ్చారు, గొట్టం తీసుకెళ్లడానికి. మొదటిది స్టేషన్లోనే ఉంచేసుకున్నారట. ఈ రెండోది లేకపోతే రేపటికి చెరువు మీద చేప మిగలదు. సన్నగా, ఎండకి కమిలిపోయిన మనిషి. చెప్పులు చెప్పకుండానే మెట్ల దగ్గర విప్పాడు. నాకు అక్కడే నచ్చాడు.

ఎడిటరుగారు అతనికి కుర్చీ వెయ్యమన్నారు. అతను కూర్చోలేదు. “వెళ్లాలండి. పొద్దుటినుంచి గట్టు మీద ఎవరూ లేరండి. నీటికాకులు పండగ చేసుకునుంటాయండి.”

“మాదే పొరపాటయ్యా” అన్నారు ఎడిటరుగారు.

“ఆయ్, పర్లేదండి.” కాస్త తటపటాయించి అడిగాడు. “స్టేషన్లో టీవీలో చూశానండి. ఆ గూడెం పెళ్లివారి ఆయన్ని ఏ స్టేషన్లో పెట్టారండి? పెద్ద వయసాయన కదండీ, కింద కూర్చోలేరండి. ఇంకా వదల్లేదాండి?”

నిజంగానే అడిగాడు. జాలిపడుతూ అడిగాడు. ఎడిటరుగారు కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. అమ్మాయి కిటికీ వైపు తిరిగిపోయింది. చివరికి నేనే, “ఇంటికెళ్లిపోయారులే నాయనా, నువ్వు బయల్దేరు, చీకటి పడుతోంది” అన్నాను. అతని మొహం తేలికపడింది.

వాళ్లు గొట్టాన్ని ఈసారి చీరలో చుట్టలేదు. ఏలూరంతా చూసేశాక ఇంక చుట్టడమెందుకు? ఎవరిదో మోపెడ్ వెనక ఇద్దరూ కూర్చుని, ఆవిడ దాన్ని ఒడిలో అడ్డంగా పెట్టుకుంది. రోడ్డు మీద జనం అదిగో అదిగో అని వేళ్లు చూపించారు. ఒకాయన దణ్ణం కూడా పెట్టాడు.

ఆవిడ మా ఆఫీసు నంబరు తీసుకుని వెళ్లింది. మర్నాడు పొద్దున్నే, నేను తలుపులు తీసి ఊడుస్తుండగా ఫోన్ మోగింది.

“మామ్మగారండీ! నేనండి, కొల్లేటినుంచండి. చెరువు ఆసామి మమ్మల్నే ఉంచేశారండి. ఫోన్ పట్టుకోండి, ఒక్క నిమిషం వినండి.”

విన్నాను. గాలి చప్పుడు. నీళ్ల చప్పుడు. తరవాత ఢాం! ఆ వెంటనే వేల రెక్కలు ఒక్కసారి లేచిన చప్పుడు, ఎవరో చీరలన్నీ కలిపి దులిపినట్టు. ఆ వెనకాల ఆ మొగుడూ పెళ్లాల నవ్వు.

వాళ్ల పని నిలబడిందన్న కబురు ఎవరైనా చెబుతారేమోనని, ఆ రోజు మధ్యాహ్నం బులెటిన్ మొదటినుంచి చివరిదాకా చూశాను. ఎదురు మేడ బులెటిన్ కూడా కిటికీలోంచి చూశాను. కొల్లేరు ఊసే లేదు.